యజమాని సంతకం

జగన్మోహన్ గారికి నాతో పని పడినప్పుడల్లా మా ఆయన ముఖం చూసి మాట్లాడతారు. ఆ రోజూ అంతే. మా ఇంటి ముందు నిలబడి చేతిలో కాగితం ఊపుతూ, "రాధాకృష్ణగారూ, చెల్లెమ్మకి కాస్త నచ్చజెప్పండి. నడవని బండి డ్రైవ్‌వేలో ఉండకూడదు. అసోసియేషన్ రూల్" అన్నారు. ఆ చెల్లెమ్మ పక్కనే ఉంది, మోచేతుల దాకా గ్రీజుతో.

"బండి నాది అన్నయ్యగారూ. ఏదైనా ఉంటే నాతో చెప్పండి" అన్నాను.

ఆయన మళ్ళీ మా ఆయనకే చెప్పారు. శనివారం పదింటికి వస్తారట. బండి స్టార్ట్ అయి వీధి చుట్టూ ఒక రౌండ్ కొట్టి రావాలట. లేకపోతే టో ట్రక్ పిలిచి తీయించేస్తారట.

అమెరికాలో, ఈ నోవై ఊళ్ళో మేముండే ఇళ్ళ అసోసియేషన్‌కి ఆయన ప్రెసిడెంట్. మా తెలుగు సంఘానికీ ఆయనే. ఆ సంఘం వాళ్ళ ఉగాది నాటకం సామానంతా, థర్మోకోల్ సింహాసనంతో సహా, మా గరాజ్‌లోనే పడి ఉంది. రెండు రోజులని పెట్టి వెళ్ళారు, ఏడు వారాలయింది. తీసుకెళ్ళమని అడగడానికి మా ఆయనకి మొహమాటం. అందుకే నా బండి ఎండకీ వానకీ బయట ఉంది. ఆ సింహాసనాన్ని వీధిలోకి ఈడ్చి బండిని లోపల పెట్టేస్తే గొడవే లేదు. కానీ దాచుకోవడానికి బండిని నేనేమన్నా దొంగిలించుకొచ్చానా? నడిపే చూపిస్తాను అనుకున్నాను.

అది పందొమ్మిదివందల డెబ్బై ఆరు నాటి అమెరికన్ టూరింగ్ బైక్. ముందు పెద్ద అద్దం, వెనక రెండు పెట్టెలు, మూడువందల యాభై కిలోల బరువు. పక్కింటి వాల్టర్ ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ నాకు ఇచ్చి వెళ్ళాడు. పన్నెండేళ్ళుగా కదల్లేదు, పారేయడానికి మనసొప్పడం లేదు అన్నాడు. ఒకసారి అతని గడ్డి కోసే మెషీన్ చప్పుడు విని, ప్లగ్గు పోయిందని కంచె ఇవతలినించే చెప్పాను. అప్పటినించీ నామీద గురి.

ఆ వినడం నాకు బెజవాడ ఆటోనగర్‌లో అబ్బింది. నాన్న షెడ్డులో అన్నయ్య నరసింహ చేతికి స్పానర్, నా చేతికి టీ గ్లాసులు. నేను దేన్నన్నా ముట్టుకోబోతే, "నీకు తెలీదు, అటుండు" అనేవాడు నాన్న. పన్నెండేళ్ళప్పుడు ఒక లారీ ఇంజన్ చప్పుడు విని, "నాన్నా, వాల్వ్ కొట్టుకుంటోంది" అన్నాను. విప్పి చూస్తే అదే. సాయంత్రం లారీ ఓనరు మెచ్చుకుంటే నాన్న మీసం దువ్వుకుని, "మా నరసింహ పట్టాడండీ" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, గ్లాసులు పట్టుకుని. ఇది జరిగి నలభై ఏళ్ళయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకని ఈ బండి మీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వలేదు. వారమంతా ల్యాబ్‌లో కార్ల బ్రేకులు టెస్ట్ చేసే ఉద్యోగం, శని ఆదివారాలు ఈ బండి. రెండు చలికాలాలు గరాజ్‌లో హీటర్ పెట్టుకుని ఇంజన్ మొత్తం విప్పి కట్టాను. మోటార్‌సైకిల్ లైసెన్స్ తెచ్చుకున్నాను. మా ఆయన అప్పుడప్పుడూ వచ్చి, "ఏదన్నా పట్టుకోనా ఛాయా?" అని అడిగేవారు. "మీకు తెలీదు, అటుండండి" అనేదాన్ని.

ఏప్రిల్ మొదట్లో కొత్త నూనె పోశాను. వైరింగ్ మిగిలిపోయింది. అది పూర్తయ్యేసరికి జగన్మోహన్ గారి గడువుకి ముందురోజు వచ్చింది.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి బటన్ నొక్కాను. రెండుసార్లు మూలిగి మూడోసారి అందుకుంది. ఆ గుడగుడ వినగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. అర నిమిషం గడిచిందో లేదో, ఇంజన్ గాలి గొట్టంలోంచి నూనె బుస్సుమని తన్నుకొచ్చింది. నా ప్యాంటు, చక్రం, సిమెంటు నేల, అంతా నూనే. ఆపేశాను.

సరిగ్గా అప్పుడే వాకింగ్‌కి బయల్దేరిన జగన్మోహన్ గారు మా ఇంటి ముందు ఆగారు. ఆయనకి మాత్రం టైమింగ్ ఎప్పుడూ తప్పదు. "నూనె కారినా రూల్‌కి విరుద్ధమే రాధాకృష్ణగారూ. రేపు పదింటికి" అని గుర్తుచేసి వెళ్ళిపోయారు.

సీళ్ళన్నీ కొత్తవి. నట్లన్నీ నా చేత్తో బిగించినవే. నాకేమీ రాదేమో, వచ్చని నలభై ఏళ్ళుగా నేనే అనుకుంటున్నానేమో అని మొదటిసారి భయమేసింది. మెట్టు మీద కూర్చుండిపోయాను.

కూర్చుంటే నాన్న మాటే గుర్తొచ్చింది. నూనె తగ్గిందంటే ముందు ఎక్కడికి పోయిందో చూడరా, కొత్తది తర్వాత పోద్దువుగాని అని నరసింహకి చెప్తూ ఉండేవాడు. నాతో అన్న మాట కాదు గానీ, దాచుకున్నది నేనే.

ఈ బండికి నూనె విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. వారాల తరబడి నిలబెడితే అది మెల్లగా ఇంజన్ కడుపులోకి దిగుతుంది. పాత బండ్లకి ఉన్న జబ్బే. స్టార్ట్ చేసే ముందు అడుగు ప్లగ్గు విప్పి ఆ నూనెని దించేయాలి. గడువు తొందరలో నేను మరిచిపోయాను, తప్పు నాదే. కానీ నేల మీదున్నదీ ట్యాంకులో ఉన్నదీ కలిపితే నూనె నేను పోసినదానికంటే ఎక్కువుంది. అది ఎక్కడినించి వచ్చింది?

"ఏమండీ, ఈ బండిలో మీరేమన్నా పోశారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆదివారం ఆదివారం ట్యాంకులో నూనె కొలిచే పుల్ల తీసి చూశాను. తగ్గుతూ ఉంది. కొంచెం కొంచెం పోశాను."

"ఎన్నిసార్లు?"

"అయిదారు."

"నన్నొక మాట అడగొద్దూ!"

"దీపంలో నూనె తగ్గితే అడిగి పోస్తామా?" అన్నారు. మా ఇంట్లో రోజూ దీపం పెట్టేది ఆయనే. "దేన్నీ ముట్టుకోనివ్వవు కదా ఛాయా. ఇదొక్కటీ నాకు చేతనవుతుందనుకున్నాను."

నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. మీకు తెలీదు, అటుండండి. ఆ మాట నాది కాదు, నాన్నది. నా మీద వాడినదాన్నే తెచ్చి ఈయన మీద వాడాను. సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి స్పానర్ తీసి ఆయన చేతిలో పెట్టాను. "కింద ప్లగ్గు ఉంది, విప్పండి. ఎడమకి తిప్పాలి." ఆయన చాప మీద వెల్లకిలా పడుకుని, మూతీ ముక్కూ నూనె చేసుకుని మొత్తం దించారు. ఇద్దరం కలిసి ట్యాంకులో గీత దాకా పోశాం. స్టార్ట్ చేసి, ట్యాంకు మూత తీసి చూపించాను. ఇంజన్ తిరిగే కొద్దీ నూనె చిన్న ధారగా వెనక్కి వచ్చి పడుతోంది. "తిరిగొస్తోంది ఛాయా!" అని ఆయన కేకేశారు.

పదింటికి జగన్మోహన్ గారు వచ్చారు. వెనకే నలుగురు చోద్యం చూడ్డానికి. నేను హెల్మెట్ పెట్టుకుని వీధి చుట్టూ ఒకటి కాదు, మూడు రౌండ్లు కొట్టి వచ్చి నిలబెట్టాను. నేల మీద ఒక్క చుక్క లేదు.

ఆయన వంగి కింద చూశారు. లేచి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. "మొత్తానికి సాధించారు రాధాకృష్ణగారూ!"

ఆటోనగర్‌లో టీ గ్లాసులు నా చేతిలోకి తిరిగొచ్చినట్టయింది.

"నేను సాధించిందల్లా దాన్ని పాడు చేయడమేనండీ. బాగు చేసింది ఆవిడ" అన్నారు మా ఆయన. బండి నడుస్తోందని సంతకం కోసం జగన్మోహన్ గారు చాపిన కాగితాన్ని అందుకోలేదు. నావైపు చూపించారు.

కాగితంలో యజమాని అన్నచోట ఆయన పేరు ముందే టైపు చేసి ఉంది. దాన్ని అడ్డంగా కొట్టేసి, పైన పెద్ద అక్షరాలతో ఛాయాదేవి అని రాసి సంతకం పెట్టాను. మూలన నా నూనె వేలిముద్ర కూడా పడింది.

"అన్నయ్యగారూ, ఇక నా బండికి గరాజ్ కావాలి. మీ సింహాసనాన్ని వచ్చే శనివారం పదింటిలోపు పట్టుకెళ్ళండి. టో ట్రక్ నంబర్ నా దగ్గరా ఉంది" అన్నాను.

ఆయన ఆ రోజు మొదటిసారి నా ముఖం చూసి, "అలాగేనమ్మా" అన్నారు.

మా ఆయనకి రెండో హెల్మెట్ ఇచ్చి వెనక ఎక్కమన్నాను. "ఒకవైపుకి కూర్చోనా?" అని అడిగారు.

"చీరేమన్నా కట్టారా? కాళ్ళు చెరోవైపు వేసి గట్టిగా పట్టుకోండి."

వీధి దాటి పెద్ద రోడ్డెక్కాం. మొదటి సిగ్నల్ దగ్గర ఆగగానే ఆయన నా భుజం తట్టారు. "ఛాయా, కుడివైపు ఏదో టక్కుటక్కుమంటోంది. నా భ్రమేమో, నాకేం తెలుసులే."

చెవి పెట్టి విన్నాను. నిజమే. కుడి పెట్టె బోల్టు వదులైంది. నేను వినలేదు.

"భ్రమ కాదు. మీరే పట్టారు" అన్నాను. ఎందుకో చాలక, సిగ్నల్ పచ్చబడేలోపు ఇంకోసారి గట్టిగా అన్నాను. "మీరే పట్టారండీ."