మిల్లు గేటు దగ్గర ఎక్కినవాళ్లు

గుట్ట మీది కాలనీలో ఆరు వందల ఇళ్లున్నా ఒక్క కూరగాయల కొట్టు లేదు. కిందటి వానలకు బయటి లారీలు ఆగిపోయినప్పుడు అక్కడ వారం రోజులు ఆకుకూర కట్ట కూడా దొరకలేదు. దాంతో మునిసిపాలిటీ ఓ పాత సిటీ బస్సులో సీట్లు పీకించి, అరలు కొట్టించింది. దగ్గరి రైతుల పంటను అందులో నింపి, కింది మార్కెట్ ధరకే పైన అమ్మమని మార్కెట్ ఇన్‌స్పెక్టరమ్మకు అప్పగించింది.

మూడు వారాలైనా పొద్దున ఎక్కించిన బుట్టలు సాయంత్రం నిండుగానే దిగుతున్నాయి. శుక్రవారం కమిషనర్ వచ్చి చూస్తారు. నచ్చకపోతే బస్సు పాత ఇనుము కింద పోతుంది.

"జనం ఎందుకు రావట్లేదు బాబాయ్?" అని డ్రైవర్‌ని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ. ముప్పై ఏళ్లు సిటీ బస్సు తోలిన మనిషి. ఊరంతటికీ బాబాయే.

"మనం పదింటికి వెళ్తే గుట్ట మీద ఇళ్లకు తాళాలుంటాయమ్మా, మనుషులుండరు. అందరూ కింద మిల్లులోనేగా?"

"అయితే సాయంత్రం పోదాం."

బుధవారం సాయంత్రం ఆరింటికి మిల్లు గేటు బస్టాప్ రాగానే, బాబాయ్ కాలు అలవాటుకొద్దీ బ్రేకు తొక్కింది. చెయ్యి తలుపు తీసింది. ఇరవై మంది ఎక్కేశారు.

"దిగండి! ఇది బస్సు కాదు!" అని అరిచింది ఇన్‌స్పెక్టరమ్మ.

"చక్రాలున్నాయి, హారనుంది. బస్సు కాకపోతే పల్లకీనా?" అంది మిల్లులో పనిచేసే ఒకావిడ.

"ముందుకు జరగండమ్మా, ముందుకు!" అన్నాడు బాబాయ్. నోటికీ అదే అలవాటు.

గుట్ట ఎక్కడానికి పావుగంట. నిలబడ్డవాళ్ల ముక్కు ముందే టమాటాలు. ఏరుకోవడం మొదలైంది. పైకి చేరేసరికి సగం బుట్టలు ఖాళీ.

మనుషుల్ని ఎక్కించే అనుమతి ఆ బస్సుకు లేదు. ఆ సంగతి దాచిపెడదామా అని ఇన్‌స్పెక్టరమ్మ రెండు రోజులు ఆలోచించి, శుక్రవారం కమిషనర్ని తీసుకెళ్లి ఆ గేటు దగ్గరే ఎక్కించింది.

"దీనికి అనుమతుందా?" అన్నాడాయన కడ్డీ పట్టుకుని.

"లేదు సార్."

ఆయన నోరు తెరిచేలోగా భుజం తట్టింది మిల్లావిడ. "అన్నయ్యా, ఊరికే నిలబడకపోతే ఆ క్యాబేజీ ఇటందించొచ్చుగా?"

అందించాడు. తర్వాత బీన్స్ అందించాడు. మూడో మలుపు దగ్గర చొక్కా చేతులు మడిచాడు.

పైన దిగాక అన్నాడు: "సోమవారం అనుమతి కాగితం పట్టుకురండి, సంతకం పెడతాను. అలాగే డిపోలో ఇంకో పాత బస్సుందేమో కనుక్కోండి. సరే గానీ, మా ఇంటికో కిలో టమాటాలు?"

ఇన్‌స్పెక్టరమ్మ అరలన్నీ చూసింది. ఒక్కటీ లేదు.

మిల్లావిడ సంచిలోంచి నాలుగు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఈసారికి సర్దుకో అన్నయ్యా. ఇవాళ బాగా పని చేశావ్."