ముచ్చట గది

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కుని ఉన్న ఒక మహిళా డిగ్రీ కాలేజీలో సింధు స్టాటిస్టిక్స్ చెబుతుంది. చేరిన కొత్తలోనే ఆమెకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ లెక్క ఇలా ఎందుకు చేశావని అడిగితే తల దించుకుంటున్నారు. అత్తెసరు మార్కులతో గట్టెక్కిన కొందరు మాత్రం తడబడుతూనే దారి పట్టుకుంటున్నారు. మార్కులు చూసి ఏ పిల్ల ఏం నేర్చుకుందో చెప్పలేమని ఆమెకు అర్థమైంది.

ఆ సంగతి మొదట ఇందిరాదేవికే చెప్పింది. ఇందిరాదేవి ఆ విభాగానికి హెడ్. ఎమ్మెస్సీలో సింధుకు పాఠం చెప్పిన టీచరు కూడా. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. సింధు తల్లి పోయినప్పుడు పొద్దున్నే నాగోల్‌లోని ఫ్లాట్‌కు వచ్చి ఇంత వండిపెట్టి, ఆ తర్వాత కాలేజీకి వెళ్లి సింధు క్లాసులు కూడా తనే తీసుకుంది. అప్పటి నుంచి ఇద్దరూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర క్యారేజీలు విప్పుకుని తింటున్నారు.

సింధు చెప్పిందంతా విని, చేసి చూడమని, గది తాను ఇప్పిస్తానని ఇందిరాదేవి ధైర్యం చెప్పింది.

ల్యాబ్ పక్కన విరిగిన కుర్చీలు పడేసే చిన్న గదిని ఖాళీ చేయించారు. ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి ఒక్కో అమ్మాయి అక్కడికి వచ్చి, సింధు ఎదురుగా కూర్చుని, పేపర్లో వచ్చిన ఒక గ్రాఫ్ గురించో ప్రకటన గురించో మాట్లాడాలి. తెలిసింది చెప్పాలి. తెలియనిది తెలియదని చెప్పాలి. సింధు ఆ మాటల్ని ఫోన్లో రికార్డు చేసుకునేది. వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ మాట్లాడించి, పాతదీ కొత్తదీ వెంటవెంటనే విని, ఎవరు ఎంత దూరం వచ్చారో చూసుకునేది. పిల్లలు దానికి ముచ్చట గది అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ మార్కులు లేవని, ఇక్కడ అన్న మాట ఈ గది దాటదని సింధు ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే మాట ఇచ్చేది.

ఆ మాటను మనస్ఫూర్తిగా నమ్మిన వాళ్లలో సాధన ఒకతె. వాళ్లది సరూర్‌నగర్ చెరువు వెనక కాలనీ. తండ్రి దేవానందం నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి బాటసింగారం పండ్ల మార్కెట్లో పనిచేస్తున్నాడు. మొదటి సెమిస్టర్‌లో సాధన ఆ గదిలోకి వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. నేలచూపులు చూస్తూ చెప్పింది.

"సగటంటే ఏందో నాకు తెల్వదు మేడం. అన్నీ కూడి భాగిస్త, అంతే. ఎందుకు భాగిస్తమో తెల్వదు. ఇంటర్ల అంతా బట్టీ పట్టి రాసిన."

మంచిదే, ఇక్కడి నుంచే మొదలుపెడదామని సింధు అంది. ఆ రోజు ఆ పిల్ల మొహంలో కనిపించిన తేలికదనం సింధుకు చాలాకాలం గుర్తుండిపోయింది.

మూడో ఏడాదికి సాధన వేరే మనిషి. ఐదో సెమిస్టర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కరపత్రం ఆమె ముందు పెట్టింది సింధు. తమ దగ్గర చదివిన నూటికి తొంభై ఐదు మందికి ఉద్యోగాలు వచ్చాయని దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది. సాధన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలో వేశారా అని అడిగింది. పరీక్షకు ఎవరిని పంపారో, ఎవరిని ఆపేశారో తెలియకుండా ఈ తొంభై ఐదుకు అర్థం లేదంది. పైన ఎంత ఉందో అందరూ చూస్తారు, కింద ఎంత మందితో భాగించారో ఎవరూ అడగరని చెప్పింది. సింధు ఆ రికార్డింగును ఇంటికి వెళ్లాక మళ్లీ విన్నది. మూడేళ్లుగా తాను వెతుకుతున్నది ఇదేననిపించింది.

ఆ ఏడాది కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ రావలసి ఉంది. విద్యార్థులు నిజంగా ఏం నేర్చుకున్నారో, ఎలా ఎదిగారో ఆధారాలతో చూపించాలట. ఒక మధ్యాహ్నం భోజనం చేస్తూ ఇందిరాదేవి ఆ రికార్డింగులు అడిగింది. ఏ కాలేజీలోనూ ఇలాంటిది లేదని, నివేదికలో సింధు పేరుతోనే రాస్తానని అంది. సింధు వెనకాడింది. పిల్లలకు మాట ఇచ్చానని చెప్పింది.

"నేను బయటిదాన్నా సింధూ?" అంది ఇందిరాదేవి. "నేను విని, పేర్లు లేకుండా నాలుగు ముక్కలు రాసుకుంటాను. ఇంకెవరి చెవినా పడదు."

సింధు ఆ సాయంత్రమే అన్నీ పంపించింది.

తర్వాత కొద్ది రోజులకు క్యాంపస్ సెలక్షన్లకు ఒక కంపెనీ వస్తోందని కాలేజీలో సందడి మొదలైంది. ఎవరెవరు పరీక్ష రాయవచ్చో కాలేజీయే ముందుగా ఏరి పంపుతుందని చెప్పారు. ఆ విషయాలన్నీ ప్లేస్‌మెంట్లు చూసే పట్టాభి చేతిలో ఉంటాయి కాబట్టి సింధు పట్టించుకోలేదు. ఒక రోజు క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా సాధన బెంచీ దగ్గరే నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం నిలకడగానే ఉంది.

తనను పరీక్షకు పిలవలేదని చెప్పింది. తనతోపాటు తెలుగు మీడియం నుంచి వచ్చిన చాలామందిని పిలవలేదట. ఎందుకని పట్టాభి సార్‌ను అడగడానికి వెళ్లిందట.

"సగటంటే ఏందో తెల్వదని, బట్టీ పట్టి పాసైనవని నువ్వే చెప్పినవట గదా అన్నడు మేడం. మా బాపుకు గూడ చెప్పలే నేను ఆ మాట. మీకొక్కరికే చెప్పిన."

సింధుకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ మాట ఇందిరాదేవి దగ్గరి నుంచే వెళ్లి ఉంటుందని తర్వాత తట్టింది. తాను పట్టాభికి ఒక్క మాట కూడా చెప్పలేదని అంది. రికార్డింగులు ఎవరికి ఇచ్చిందో చెప్పింది. సాధన విన్నది.

"ఎవరికిస్తే ఏంది మేడం. ఇచ్చింది మీరే గదా."

ఆ పిల్ల బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఇందిరాదేవి తన గదిలో కమిటీ కోసం ఫైళ్లు సర్దిస్తోంది. సింధు తలుపు వేసి నిలబడే అడిగింది. ఇందిరాదేవి బుకాయించలేదు. రికార్డింగు ఎవరికీ వినిపించలేదని, బేసిక్స్ రాని పిల్లలెవరో పట్టాభి అడిగితే తాను విన్నవాటిలోంచి చెప్పానని అంది. కిందటేడు సెలక్షన్లలో మూడొంతుల మంది తప్పారు. ఈసారీ అలాగే అయితే కమిటీ గ్రేడు తగ్గిస్తుంది, వచ్చే ఏడు ఈ కోర్సులో చేరేవాళ్లుండరు, ఆ తర్వాత మన ఉద్యోగాలూ ఉండవని చెప్పింది. రాసేవాళ్లను తగ్గిస్తే నెగ్గేవాళ్ల శాతం పెరుగుతుందని సింధుకు వేరే చెప్పనక్కర్లేదు.

సింధు వేరే మాట అడిగింది. "సాధన మొదటి ఏడాది అన్న మాట విన్నారు. మూడో ఏడాదిది వినలేదా మేడం?"

ఇందిరాదేవి చేతిలోని ఫైలు పక్కన పెట్టింది.

"ఒక్కోటి అరగంట ఉంది సింధూ. అవన్నీ వినే తీరిక ఎక్కడిది నాకు? మొదటివైతే చిన్నవి. తెలీదు అని వాళ్లే చెప్పేశారు."

సింధును అన్నిటికన్నా ఎక్కువగా కోసింది ఆ జవాబే. ఆవిడ కావాలని సాధనను తొక్కలేదు. అసలు సాధనను వినలేదు. ఎదుగుదల చూపించాలని తీసుకున్న మాటల్లో ఎదుగుదల ఉన్న సగాన్ని ముట్టుకోకుండా, తెలియదన్న సగాన్ని మాత్రం ఏరుకుంది. తల్లి పోయిన రోజుల్లో తన ఇంటి వంటగదిలో నిలబడిన మనిషీ ఈ మనిషీ ఒకరేనని నమ్మడానికి సింధుకు మనసు రాలేదు. రికార్డింగులు చెరిపేయమని అడిగింది. కమిటీ వచ్చి వెళ్లేదాకా కుదరదని ఇందిరాదేవి చెప్పింది.

ప్రిన్సిపల్ గంగాధరరావు ఎల్బీ నగర్‌లో ఉంటాడు. ఆ రోజు కాలేజీకి రాకపోతే సింధు ఇంటికే వెళ్లింది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అంతా విన్నాడు. పేర్లు కంపెనీకి వెళ్లిపోయాయన్నాడు. ఆ అమ్మాయి నిజంగా బాగా చదువుతుందనడానికి ఆధారం ఉంటే చూపించమని, ఒక్క పేరు చేర్చమని కంపెనీని అడిగి చూస్తానని అన్నాడు. ఆధారం సింధు ఫోన్లోనే ఉంది. ఐదో సెమిస్టర్ రికార్డింగు. ఆయన ముందు పెట్టి నొక్కితే చాలు. ఆమె నొక్కలేదు. రేపు చెబుతానని లేచి వచ్చేసింది.

మర్నాడు సాధనను పిలిచి, ప్రిన్సిపల్‌కు ఆ రికార్డింగు వినిపించనా అని అడిగింది. వినిపిస్తే పరీక్షకు పిలుపు రావచ్చని కూడా చెప్పింది. సాధన తల అడ్డంగా ఊపింది.

"వద్దు మేడం. ఒకటి వినిపిచ్చి తీసేసిండ్రు. ఇంకోటి వినిపిచ్చి తీసుకుంటరా? నేనేంది, సంతల సరుకునా? నన్ను పరీక్ష రాయనియ్యుండ్రి, రాస్త. లేకుంటే లేదు."

సింధు ఆ మాటే గంగాధరరావుకు చెప్పింది. ఆపేసిన అందరినీ పరీక్ష రాయనివ్వమని అడిగింది. అది కుదరదని ఆయన అన్నాడు.

ఆ వారం సింధు మూడో ఏడాది క్లాసులో పాఠం చెప్పకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరికి ఇచ్చింది, ఎందుకు ఇచ్చింది, దాంతో ఏమైంది, ఏదీ దాచలేదు. తన ఫోన్లో ఉన్నవన్నీ వాళ్ల ముందే చెరిపేసింది. హెడ్ దగ్గర ఉన్నవి తన చేతిలో లేవని కూడా చెప్పింది. ఎవరైనా తిడతారనుకుంది. ఎవరూ తిట్టలేదు. తలలు వంచుకుని పుస్తకాల మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నారు. గంట కొట్టాక ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. సెలక్షన్లకు పిలుపు వచ్చిన పిల్లలు కూడా ఆమె వైపు చూడలేదు.

సెలక్షన్లు జరిగాయి. రాసినవాళ్లలో చాలామంది నెగ్గారు. గేటు మీద ఆ శాతం రాసిన ఫ్లెక్సీ కట్టారు. తర్వాత కమిటీ వచ్చింది. మూడేళ్లలో ఏం నేర్చుకున్నారని సభ్యులు విద్యార్థినులను అడిగితే, సగటు, విచలనం, సంభావ్యత అంటూ పుస్తకంలో ఉన్న నిర్వచనాలను పొల్లు పోకుండా అప్పజెప్పారు. ఒక్కరు కూడా తమ సొంత మాట ఒకటి అనలేదు. కమిటీ వాళ్లు తలలు ఊపుతూ రాసుకున్నారు. కాలేజీకి మంచి గ్రేడే వచ్చింది. ఆ సందర్భంగా కాలేజీలో పెట్టిన సభలో ఇందిరాదేవి సింధు పేరు చెప్పి అందరి చేతా చప్పట్లు కొట్టించింది. సింధు లేచి నిలబడి కూర్చుంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం క్యారేజీ తన క్లాసులోనే తింటోంది. ఇందిరాదేవి రెండుసార్లు పిలిచి, తర్వాత పిలవడం మానేసింది.

సాధన డిగ్రీ మంచి మార్కులతో పాసైంది. పీజీ ఎంట్రన్స్ రాసి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. సర్టిఫికెట్లు తీసుకోవడానికి వచ్చినప్పుడు వరండాలో సింధు ఎదురైతే నమస్తే మేడం అంది. ఎలా ఉన్నావంటే బాగున్న అంది. సబ్జెక్టు ఏం తీసుకున్నావని సింధు అడిగింది. స్టాటిస్టిక్సే అని చెప్పి, బస్సు టైమవుతోందని మెట్లు దిగింది. ఇంకా ఏదో అడగాలని సింధుకు ఉంది. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు.

కొత్త బ్యాచ్ చేరింది. సింధు ముచ్చట గది మానేద్దామనుకుంది. మానేస్తే ఇక మార్కులే మిగులుతాయని మనసు ఒప్పక, ఈసారి ఫోన్ గది బయటే వదిలేసి, రికార్డు లేకుండా మొదలుపెట్టింది. మొదట వచ్చింది జోస్నా అనే అమ్మాయి. హయత్‌నగర్ నుంచి వస్తుంది. బెదురు లేని పిల్ల. సింధు ఒక గ్రాఫ్ ఆమె ముందు పెట్టి, ఇందులో ఏం అర్థమైందో, ఏం అర్థం కాలేదో చెప్పమంది.

జోస్నా గ్రాఫ్ చూడలేదు. "ఈడ చెప్పింది ఎవరికన్న చెప్తరా మేడం? మా సీనియర్లు జర పైలం అన్నరు."

సింధు ఇదివరకటిలా మాట ఇవ్వబోయి ఆగింది.

"నేను చెప్పను. కాలేజీలో మిగతావాళ్లు అడిగితే ఏమవుతుందో నాకు తెలీదు" అంది.

ఆ పిల్ల ఆమె మొహంలోకి నిదానంగా చూసింది. కోపం లేదు, ఎగతాళి లేదు. గ్రాఫ్ తన వైపు తిప్పుకుని, చదవకుండానే మళ్లీ సింధు వైపుకు జరిపింది.

"అయితే నాకంతా అర్థమైంది మేడం" అని చెప్పి లేచింది.