గట్టుకు కనపడని దీపం

నేను ఒక ఛార్జర్‌ని. సెల్‌ఫోన్‌కి తగిలించేది కాదు, చేపల పడవలో బిగించేది. పడవ జెట్టీకి చేరాక గట్టు మీది కరెంటు నాకు తగిలిస్తే బ్యాటరీలను నింపిపెడతాను. ఇటుక కంటే కాస్త పెద్దగా ఉంటాను. అందం గురించి అడక్కండి.

పుట్టింది ఓ ఫ్యాక్టరీలో. ఉప్పుగాలి సోకకుండా నా కడుపులో నల్లటి జిగురు పోసి గడ్డకట్టించారు. నీళ్ళ తొట్టెలో ముంచారు. బల్ల మీద పెట్టి ఎముకలు కదిలేలా కుదిపారు. ఇంత హింస దేనికా అనుకున్నాను. సముద్రం మీదికి వెళ్ళాక తెలిసింది, వాళ్ళు నా మీద చాలా దయ చూపించారని.

నా ముఖాన రెండు దీపాలున్నాయి, ఒక్కో బ్యాటరీకి ఒక్కొక్కటి. ఎర్రగా వెలిగితే ఇంకా నిండుతోందని, పచ్చగా వెలిగితే నిండిందని అర్థం. అంతకు మించి నాకు మాటలు రావు. మనుషులకు బోలెడు మాటలు వచ్చు. అయినా ‘నిండిందా?’ అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పడానికి ఎందుకంత అవస్థ పడతారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

నన్ను కొన్నది నూకరత్నం. విశాఖపట్నం చేపల రేవులో ఆమె భర్త గరికిన ఎల్లాజీకి ఒక చిన్న మరపడవ ఉంది. కిందటేడు దాకా అతను బ్యాటరీని భుజాన వేసుకుని బజారులో ఛార్జింగ్ దుకాణానికి మోసుకెళ్ళేవాడు. అక్కడ ఎప్పుడూ వరసే. తోటి పడవలు బయల్దేరుతుంటే ఎల్లాజీ కాళ్ళు ఒకచోట నిలవవు. ఒకసారి సగం నిండినదాన్నే ఎత్తుకొచ్చేసి, భార్యతో ‘నిండిపోనాది’ అన్నాడు. ఆ రాత్రి అతనూ పడవలోని మనుషులూ వల వేసి దీపాలు వెలిగించుకుని కూర్చున్నారు. తెల్లారి చూస్తే ఇంజను కదల్లేదు. వైర్‌లెస్సూ ఆ బ్యాటరీ మీదే కాబట్టి అదీ మూగబోయింది. గాలి ఎటు తోస్తే అటు రోజుల తరబడి కొట్టుకుపోయిన పడవను చివరికి వేరే పడవవాళ్ళు చూసి లాక్కొచ్చారు. అన్నాళ్ళూ నూకరత్నం గట్టు మీదే ఉంది. అతను దిగగానే ఏడవలేదు, తిట్టలేదు. పడవలోనే బిగించే మంచి ఛార్జర్ పెడితే తప్ప మళ్ళీ వేటకు పంపనంది.

అలా ఇద్దరూ హార్బరు రోడ్డులో నేనున్న దుకాణానికి వచ్చారు.

“అన్నిటికన్నా పెద్దది సూపించు బాబూ. బేగి నిండిపోవాల,” అన్నాడు ఎల్లాజీ.

“బ్యాటరీని బట్టి ఛార్జర్ తీసుకోవాలి ఎల్లాజీ. చిన్నదానికి పెద్దది తగిలిస్తే ఉడికిపోద్ది,” అన్నాడు దుకాణం చిట్టిబాబు. ఇంజనుకు ఒక బ్యాటరీ, దీపాలకూ వైర్‌లెస్సుకూ వేరే బ్యాటరీ పెట్టుకోమనీ, రెంటినీ విడివిడిగా నింపేది కొనమనీ చెప్పి నన్ను బల్ల మీద పెట్టాడు.

“తడిస్తే ఏటవుద్ది?” అంది నూకరత్నం.

“ఏమీ కాదమ్మా.”

తాగమని ఇచ్చిన గ్లాసెడు నీళ్ళూ ఆమె నా నెత్తిన గుమ్మరించింది. చిట్టిబాబు గబుక్కున గుడ్డ కోసం వెతికాడు. పైట చెంగుతో నన్ను తుడిచి, “ఇప్పుడు ఎలిగించు,” అంది. వెలిగాను. ఆ క్షణం నుంచి ఆమె అంటే నాకు గౌరవం.

చివరగా ఒక మాట అడిగింది. “నిండిందో నేదో గట్టు మీదున్నోళ్ళకి అగుపడతాదా?”

“బయటివైపు బిగిస్తే ఎంత దూరానికైనా అగుపడతాదమ్మా.”

ఆమె అలా ఎందుకు అడిగిందో పడవ ఎక్కాక గానీ నాకు తెలియలేదు. వీళ్ళ ఆచారంలో ఆడవాళ్ళు పడవ ఎక్కకూడదు. సముద్రం గంగమ్మ తల్లి. పడవకు పెట్టిన పేరు కూడా గంగమ్మే. అయినా ఆడమనిషి కాలు పెడితే పడవ మైలపడుతుందట. నేను యంత్రాన్ని, ఇలాంటి లెక్కలు నాకు తెగవు.

ఎల్లాజీ నన్ను బయటివైపు బిగించలేదు. కొత్త వస్తువు, రేవులో పదిమంది కళ్ళు పడతాయని భయపడ్డాడు. ఇంజను గదిలో తలుపు వెనక బిగించి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. దిష్టి నాకు తగల్లేదు గానీ, నా దీపాలు నూకరత్నానికి కనపడకుండా పోయాయి. అప్పట్నుంచీ ఆమె గట్టు మీద నిలబడి, “నిండిందా మావా?” అనడమూ, అతను “నిండిపోనాది” అనడమూ మామూలైంది. చాలాసార్లు అది నిజమే.

ఒక రాత్రి రేవంతా కరెంటు పోయింది. తెల్లారుతుండగా వచ్చింది. ఇంజను బ్యాటరీ దీపం ఇంకా ఎర్రగానే ఉంది. అప్పుడే కానాగంత చేపలు గుంపుగా పడుతున్నాయని కబురొచ్చి, పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి బయల్దేరుతున్నాయి. ఎల్లాజీ తలుపు తీసి నన్ను చూశాడు. ఎర్రదనాన్ని బాగానే చూశాడు. తలుపు మూసేశాడు.

“నిండిందా మావా?” గట్టు మీంచి అడిగింది నూకరత్నం.

“నిండిపోనాది!”

“రేతిరల్లా కరెంటు నేదు గదా. ఎలాగ నిండింది?”

అతను తాడు విప్పబోయాడు. ఆమె చెప్పులు గట్టు మీద వదిలేసి, గట్టుకూ పడవకూ మధ్య వేసిన పలక మీదుగా పడవలోకి నడిచొచ్చింది. పడవలో ఉన్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. తలుపు లాగి నా ముఖంలోకి చూసింది. జీవితంలో ఎవరూ నన్ను అంత శ్రద్ధగా చదవలేదు.

“ఎర్రగా ఉంది,” అంది. “ఎవుడూ లాక్కురాకపోతే నువ్వీపాటికి నేవు మావా. నాకు సేపలొద్దు, నువ్వు కావాల. పచ్చగయ్యేదాకా నానిక్కడే కూకుంటాను.” వలల మీద చతికిలబడింది.

గట్టు మీద జనం పోగయ్యారు. కులపెద్ద సన్యాసి తాత తల పట్టుకున్నాడు. “ఎంత పని సేసినావే గుంటా! ఇంక పసుపునీళ్ళతో కడిగి, అమ్మోరికి పూజ సేసీదాకా పడవ కదలడానికి నేదు,” అన్నాడు.

పూజారి ఆ పొద్దున భీమిలి వెళ్ళాడు. అతన్ని పిలిపించారు, పసుపు తెప్పించారు, వేపమండల కోసం మనుషుల్ని తరిమారు. పడవ కదలదని తేలాక నూకరత్నం దిగిపోయింది. ఆమె అడుగుపెట్టిన ప్రతిచోటా తోమి తోమి కడిగారు. ఈ హడావిడిలో నాకు తగిలించిన కరెంటు తీసేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నేను నిశ్చింతగా నా పని చేసుకున్నాను. మైలంతా వదిలి హారతి వెలిగించేసరికి మధ్యాహ్నం దాటింది, నా రెండో దీపమూ పచ్చబడింది. మంత్రాల వల్ల నిండిందని అనుకున్నవాళ్ళు కూడా లేకపోలేదు.

పడవ సాయంత్రం వెళ్ళింది. మర్నాడు నడిసముద్రంలో వల లాగాక ఎల్లాజీ ఇంజను మీట నొక్కే ముందు కాసేపు చెయ్యి అక్కడే ఉంచేశాడు. కిందటేటి భయం అతని వేళ్ళలో ఉంది. నొక్కాడు. ఇంజను ఒక్క ఊపులో అందుకుంది. అతను ఎవరికీ కనపడకుండా ముఖం తుడుచుకున్నాడు. నాకు కనపడింది. తలుపు తీసే ఉంది.

ఆ తరవాతి వేటకు బయల్దేరే పొద్దున నూకరత్నం ఎప్పటిలాగే గట్టు మీద నిలబడింది. ఈసారి ఏమీ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు మీద ఆమెకు నమ్మకం పోయింది. ఎల్లాజీ పలక మీదికి వచ్చి, రేవంతా చూస్తుండగా చెయ్యి చాపాడు.

“రా రత్నం. ఎక్కి సూసుకో.”

ఆమె ఎక్కింది. పసుపు కోసం ఎవరూ పరిగెత్తలేదు.