చుక్క పడని పిల్ల

గిరిజ జర్మనీలో, బ్రెమెన్ ఊరి చర్చి హాలుకు వెళ్లేది ప్రార్థనకు కాదు. మలావీ దేశంలో ఎక్కడో పల్లెలో మిషన్ వాళ్లు నడిపే అనాథ పిల్లల ఆశ్రమానికి సాయం చేసే చిన్న సంఘం ఒకటి అక్కడ కూడేది. భర్త శశికాంత్ ఉపగ్రహాల కంపెనీకి, కూతురు అక్షయ బడికి పోతే పగలంతా గోడలు చూస్తూ కూర్చోలేక రెండేళ్ల కిందట అందులో చేరింది. ఆ ఆశ్రమం గురించి ఆమెకు నచ్చింది ఒకటే సంగతి. అక్కడ పిల్లల్ని హాస్టల్లో తోసినట్టు తోయరు. ఎనిమిదిమందికి ఒక ఇల్లు, ఒక పొయ్యి, ఒక అమ్మ.

ఆ అమ్మల్లో ఒకామె, ఎస్నాత్, మే నెలలో సంఘం పిలిస్తే జర్మనీ వచ్చింది. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. హోటలెందుకు, మా ఇంట్లో ఉంటుందిలెండని గిరిజే తీసుకుపోయింది. మొదటి సాయంత్రం ఎస్నాత్ మొక్కజొన్న పిండితో తమ ఊరి ముద్ద వండింది. తెల్లగా ఉందన్న మాటే గానీ అచ్చం కడప సంగటే. తోటకూర పప్పులో అద్దుకుని ఇద్దరూ చేత్తో తిన్నారు. తింటూ ఎస్నాత్ తన ఎనిమిదిమందినీ పేరుపేరునా చెప్పింది. తొమ్మిదేళ్ల తియమికె గురించి ఎక్కువ చెప్పింది. పసితనంలో పొయ్యిలో పడి చెంప, మెడ కాలాయట. ఇంట్లో గరిటె పట్టేది ఆ పిల్లే. ఎవరి వాటా ఎంతో దాని చేతికి తెలుసట, ఒక్కరోజూ తప్పదట.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో సంఘం వార్షిక సభ. గోడ నిండా ఇరవై నాలుగు మంది పిల్లల ఫొటోలు. వాటిని కత్తిరించి అంటించింది గిరిజే. వచ్చినవాళ్లకు ఎర్రటి గుండ్రని స్టిక్కర్లు ఇచ్చే పని కూడా ఆమెదే. నచ్చిన పిల్ల ఫొటో మీద చుక్క పెడితే ఏడాదంతా ఆ పిల్ల పోషకులు వాళ్లే. ఉత్తరాలు, కానుకలు ఆ ఒక్క పిల్లకే వెళతాయి. నిరుడు గిరిజ కూడా పెట్టింది. అక్షయ జర్మన్‌లో "వీడు భలే ముద్దుగా ఉన్నాడు" అంటే, బుగ్గన సొట్టపడే పిల్లాణ్ణి ఎంచుకుంది. అప్పుడు తప్పనిపించలేదు.

కేకు పళ్లెం చేత్తో పట్టుకుని ఒకాయన గోడ వెంట నడిచాడు. ఇంతకంటే చిన్నపిల్ల లేదా అని అడిగాడు. ఇంకొకామె, నవ్వే పిల్ల కావాలంది, తను చూసుకున్న పిల్లకు అప్పటికే చుక్క పడిందని మొహం ముడుచుకుంది. పోరుమామిళ్ల సంతలో దూడల పళ్లు చూసి, తోకెత్తి చూసి బేరమాడేవాళ్లు గుర్తొచ్చారు గిరిజకు. అయినా స్టిక్కర్లు ఇస్తూనే ఉంది.

గంట గడిచినా తియమికె ఫొటో మీద ఒక్క చుక్కా పడలేదు. సంఘం అధ్యక్షురాలు ఫ్రౌ ల్యూడర్స్ మెల్లగా గిరిజ పక్కకు వచ్చింది. ఆ ఫొటో తీసెయ్యమంది. కాఫీ తాగేవేళ ఆ కాలిన చెంప చూడలేకపోతున్నారట, జనం ఆ మూలకే రావడం లేదట. గిరిజ మూలల్లో గోరు దూర్చి ఫొటో ఊడదీసి బల్ల సొరుగులో పెట్టేసింది.

వేదిక మీద అతిథిగా కూర్చున్న ఎస్నాత్ కాసేపటికి దిగి గోడ దగ్గరకు వచ్చింది. తన ఇంటి పిల్లల్ని వేలితో లెక్కపెట్టుకుంది. ఏడుగురే ఉన్నారు. మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత ఆ చుక్కలేమిటని గిరిజను అడిగింది. గిరిజ చెప్పింది. చెబుతుంటే ప్రతి మాటా నోట్లో పాచిపట్టినట్టుంది. సొరుగు తెరిచి ఫొటో ఆమె చేతిలో పెట్టింది.

ఎస్నాత్ అరవలేదు. తన ఏడుగురి ఫొటోలూ ఒక్కొక్కటిగా గోడ మీంచి తీయసాగింది. ఫ్రౌ ల్యూడర్స్ పరుగున వచ్చింది. ఒక మొహమంటూ కనబడకపోతే జనం మనసు కరగదని, ఇదంతా పిల్లల మంచికేనని నచ్చజెప్పబోయింది.

"మా ఇంట్లో ఒక గిన్నెలో ఎనిమిది చేతులు పడతాయి" అంది ఎస్నాత్. "ఒకరికి బొమ్మ వచ్చి ఏడుగురికి రాకపోతే, ఆ పూట వాళ్లకు అన్నం ఎట్లా పెట్టమంటారు నన్ను?"

ఎనిమిది ఫొటోలూ సంచిలో పెట్టుకుని ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది. రెండు నిమిషాలు గడిచాక ఎవరో మళ్లీ కాఫీ పోయడం మొదలుపెట్టారు. మిగిలిన పదహారు ఫొటోల ముందు జనం మళ్లీ చేరారు. గిరిజ స్టిక్కర్ల డబ్బా బల్ల మీద వదిలేసి బయటికి వచ్చి, గోడవారన కక్కుకుంది.

ఆ రాత్రి శశికాంత్‌కు చెబితే, "వాళ్ల సిస్టమ్ అంతేలే. ఊరికే గొడవెందుకు పెట్టుకుంటావు?" అన్నాడు.

"గొడవ వాళ్లతో కాదబ్బా. నా చేతుల్ని చూసుకుంటే నాకే రోత పుడుతోంది" అంది గిరిజ.

సోమవారం సంఘానికి రాసింది. తాను మానేస్తున్నానని, సాయం మాత్రం ఎస్నాత్ ఇంటి మొత్తానికీ పంపుతానని. ఫారంలో ఒక పిల్ల పేరే పట్టే చోటుంది, ఇల్లంతటికీ వీల్లేదని జవాబొచ్చింది. చివర పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ, మంచి వారం గడపమని శుభాకాంక్ష. చదివి ఫోను బోర్లా పెట్టేసింది. మర్నాడు నేరుగా ఆశ్రమానికే రాసింది. దానికి ఇంకా జవాబు రాలేదు.

బుధవారం విమానాశ్రయంలో ఎస్నాత్ చేతులు పట్టుకుని, తనను క్షమించమని అడిగింది. ఏమీ కాదులే అంటుందనుకుంది. ఎస్నాత్ ఆ మాట అనలేదు.

"నువ్వు దాన్ని తీసేటప్పుడు నేను వేదిక మీంచి చూస్తూనే ఉన్నాను" అంది. "మూల చిరగకుండా తీశావు. చిరగకూడదనుకున్నావు గానీ, తీయకూడదనుకోలేదు."

ఆ మాటలో కోపం లేదు. ఎస్నాత్ సంచి భుజానికి సర్దుకుని, అక్షయను అడిగానని చెప్పమని తనిఖీ వరసలోకి నడిచింది. వరస కదిలి ఆమె కనబడకుండా పోయేదాకా గిరిజ చెయ్యి ఎత్తలేకపోయింది.