ప్రయాణం అని ఒక ముద్ర

నాలుగు వందల పన్నెండో ఫొటోలో ఒక కుక్కపిల్ల నాలుక చాపి కూర్చుంది. జోస్యమక్క కుక్కపిల్లని చూడలేదు. దాని వెనక గోడకి ఆనించిన చుట్టిన పరుపుని చూసింది, మేకు ఊడదీసిన గోడ మీద తెల్లటి మచ్చని చూసింది, 'ఇల్లు మారడం' అన్న ముద్ర నొక్కింది. మూడు సెకండ్లు పట్టింది. ఒక్కో పోస్టుకి కంపెనీ ఇచ్చేది ఎనిమిది.

ఆవిడ ఉద్యోగం అదే, ఆఫీసులో ఆ పేరు పెట్టిందీ అందుకే. జనం ఫోన్లలో పెట్టుకునే ఫొటోలూ, చెప్పుకునే కష్టసుఖాలూ పేర్లు చెరిపేసి ఆవిడ తెర మీదికి వస్తాయి. కుడిపక్కన వరసగా ముద్రలుంటాయి: పెళ్లి, కానుపు, ఇల్లు మారడం, విడిపోవడం, జబ్బు, చావు, ప్రయాణం. ఆ మనిషి బతుకులో ఇప్పుడు ఏం జరుగుతోందో పసిగట్టి ఒకటి నొక్కాలి. పొద్దున నొక్కిన ముద్రలన్నీ పన్నెండింటికల్లా వ్యాపారులకి అమ్ముడుపోతాయి. కానుపు అంటే ఉయ్యాలలవాడు దిగుతాడు, విడిపోవడం అంటే లాయరు దిగుతాడు. ఉచితంగా వచ్చిందని జనం సంబరపడి వాడుకునే ఆ చోట అసలు సరుకు తామేనని ఆఫీసు హాలు ఊడ్చే అతనికి కూడా తెలుసు. తెలిసీ అతను రోజూ ఒక ఫొటో పెడతాడు. ఎవరి సరదా వాళ్లది.

ఆవిడకి యాభై మూడేళ్లు. కళ్లజోడు తాడుతో మెడకి వేలాడుతుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఇనప కుర్చీ మీద పాత దుప్పటి మడతపెట్టి వేసుకుంది. మనిషి మాత్రం ఆ దుప్పటి మీద కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కాలు ఊగుతూనే ఉంటుంది.

"అక్కా, బల్ల కదులుతోంది," అంది పక్క సీటామె.

"కదలనీవే. భూమి కదిలితే అడుగుతున్నావా?"

ఆ ఊపు నాలుగేళ్ల నుంచీ ఉంది. భర్త పోయిన పదో రోజు ఆవిడ ఫోన్లో 'ఒంటరిగా ఉన్నారా? మాట్లాడే తోడు కావాలా?' అని ఒక ప్రకటన వచ్చింది. ఆ వెనకే బీమావాళ్లు, ఒంటిమనిషి గదులవాళ్లు, నిద్రమాత్రలవాళ్లు క్యూ కట్టారు. తనలాంటి మనిషే ఎక్కడో ఇలాంటి కుర్చీలో కూర్చుని మూడు సెకండ్లలో తన మీద 'చావు' ముద్ర కొట్టిందని ఆవిడకి అర్థమైంది. మానేస్తానని అన్నయ్యతో అంది. మానలేదు. ఇంటి అద్దె ఆవేశాలకి ఆగదు కదా.

పదకొండున్నరకి ఆ పోస్టు వచ్చింది.

కిటికీ గట్టు మీద ఆస్పత్రి కాగితం. అది ఎగిరిపోకుండా దాని మీద ఒక చేతిగడియారం పెట్టి ఉంది. గడియారం పట్టీ ఒకచోట తెగితే నీలం దారంతో అడ్డదిడ్డంగా కుట్టి ఉంది. ఆ కుట్టు జోస్యమక్కదే. 'నీ కుట్టు కంటే తెగిన పట్టీయే నయం' అని అన్నయ్య నవ్విన కుట్టు. ఫొటో కింద రెండు ముక్కలు రాసి ఉన్నాయి: 'డాక్టరు ఇక వారాలే అన్నాడు. ఇంట్లో చెల్లెలికి చెప్పలేదు. మీరంతా మీవాళ్లకి ఎలా చెప్పారు?'

తెర మూల అంకెలు తగ్గుతున్నాయి. ఏడు. ఆరు.

అన్నయ్య బస్టాండులో టికెట్ల కిటికీ వెనక నలభై ఏళ్లు కూర్చున్నాడు. 'ఎక్కడికి?' అని లక్షలమందిని అడిగాడు. తను మాత్రం ఏ ఊరూ వెళ్లలేదు. చెల్లెలి భర్త పోయాక ఆవిడకి తోడని వచ్చి ఉంటున్నాడు. ఈ మధ్య చొక్కా భుజాల మీంచి జారుతుంటే 'పళ్లు లేక తినలేకపోతున్నానే' అన్నాడు. ఆవిడ నమ్మింది. ఊళ్లోవాళ్ల వెనక చుట్టిన పరుపు కనిపెట్టే మనిషికి దీపం కింద చీకటి కనిపించలేదు. ఇంటి మనిషికి ఎనిమిది సెకండ్లు కూడా ఇవ్వలేదు తను.

నాలుగు. మూడు. వదిలేస్తే అది పక్క సీటుకి పోతుంది, అక్కడ తప్పక 'జబ్బు' అని కొడతారు. కొడితే మధ్యాహ్నానికల్లా వేరుమందులవాడూ, అప్పులిచ్చేవాడూ, చివరి రోజులు చూసుకుంటామనే వాడూ అన్నయ్య అరచేతిలో సంత పెడతారు. ఇంకా చెల్లెలికే చెప్పుకోని మాట అది.

ఒకటి. ఆవిడ 'ప్రయాణం' నొక్కింది.

తెర మీదికి ఎవరిదో పుట్టినరోజు కేకు వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు ఏం నొక్కిందో ఆవిడకే తెలియదు. రెండుసార్లు నీళ్లకని లేచి, తాగకుండానే వచ్చి కూర్చుంది.

నాలుగింటికి సూపర్‌వైజరు పిలిచింది. ఆ అమ్మాయి రోజూ వందకి పది పోస్టులు ఏరి తనిఖీ చేస్తుంది. ఆ పదిలో అది పడింది. దరిద్రానికి దారి చెప్పాలా!

"దీనికి ప్రయాణం ఏంటండీ? చదివారా అసలు?"

"చదివాను మేడమ్."

"ఈ నెలలో మీకిది మూడో తప్పు. మూడైతే సీటు తీసేస్తారు, మీకూ తెలుసు. నొక్కినవాళ్లే దిద్దాలని రూలు కాబట్టి ఇప్పుడు కూర్చుని దిద్దేయండి, నేను తప్పు రాయను. ఒక్క క్షణం పని."

దయగానే చెప్పింది. తెర ఇటు తిప్పింది కూడా. గడియారం పట్టీ మీద నీలం కుట్టు మళ్లీ కనిపించింది. జోస్యమక్క చెయ్యి బల్లదాకా వెళ్లి ఆగింది.

"దిద్దను మేడమ్."

"ఎందుకని?"

"వెళ్లిపోతున్న మనిషి కదా. అది ప్రయాణమే."

సూపర్‌వైజరు ఆవిడ మొహంలోకి చూసింది. మూడో తప్పు రాసి కాగితం ముందుకి తోసింది. జోస్యమక్క సంతకం పెట్టి, కుర్చీ మీది దుప్పటి చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. పక్క సీటామె బల్ల ఆ సాయంత్రం కదల్లేదు.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. తిన్నగా వెళ్లి 'నాకు తెలుసు' అని ఏడవాలనిపించింది. 'నువ్వే చెప్పవేం' అని పోట్లాడాలనీ అనిపించింది. మూడో అంతస్తు ఎక్కేసరికి రెండూ ఆయాసంలో కలిసిపోయాయి.

అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. గడియారం చేతికుంది, ముంజేతి మీదికి జారిపోయి.

"పెందలాడే వచ్చావేమే? ఇది చూడు అమ్మడూ, మధ్యాహ్నం నుంచీ ఈ ఫోనుకి పిచ్చెక్కింది. ఒకటే సూట్‌కేసులు. నన్నెక్కడికో సాగనంపాలని చూస్తోంది!"

ఆవిడ దుప్పటి మంచం మీద పడేసి పక్కన నిలబడింది.

"ఏదైనా నచ్చిందా?"

"ఈ నీలంది బాగుంది. మూడంకెల తాళమట. మనం పెట్టుకున్న అంకె మనకి తప్ప ఇంకెవడికీ తెలియదట."

"తెప్పించుకో అన్నయ్యా."

"తెప్పించుకుని? నా మొహం, ఎక్కడికెళ్తాం?"

"సముద్రం దగ్గరికి. నాకు సెలవు దొరికిందిలే."

"ఎన్నాళ్లు?"

"బోలెడంత."

అతను కళ్లజోడు తీసి చెల్లెలిని చాలాసేపు చూశాడు. ఎనిమిది సెకండ్ల కంటే ఎక్కువే.

"అయితే దారిలో నీకో మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పకూడదూ?"

"దారిలో అన్నానా. కిటికీ పక్క సీటు నాది, ముందే చెబుతున్నా."

నాలుగో రోజున నీలం పెట్టె వచ్చింది. అన్నయ్య తలుపు వేసుకుని పూటంతా సర్దుకున్నాడు. సాయం వస్తానంటే రానివ్వలేదు. సోమవారం బయల్దేరదామన్నాడు, తర్వాత గురువారమన్నాడు. కాళ్లు ఒప్పుకోలేదు. ఆవిడ రోజూ రెండు టికెట్లు రేపటికి మార్చింది, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. పదిహేడో రోజు పొద్దున పాలకని దిగి వచ్చేసరికి అన్నయ్య కుర్చీలోనే ఉన్నాడు, తల కిటికీకి ఆనించి. పాలగిన్నె కింద పెట్టి, ముంజేతి మీదికి జారిన గడియారాన్ని మణికట్టు దాకా తెచ్చింది. ఆ తర్వాతే గట్టిగా ఏడ్చింది.

వచ్చినవాళ్లు వెళ్లిపోయాక పెట్టె ముందు కూర్చుంది. అతని పుట్టినరోజు తిప్పింది, తన పుట్టినరోజు తిప్పింది, బస్టాండులో అతని కిటికీ నంబరు తిప్పింది. ముక్కూమొహం తెలియని వేలమంది గుట్టు మూడేసి సెకండ్లలో చెప్పిన మనిషి మధ్యాహ్నం దాకా తిప్పుతూనే ఉంది. ఎదురింటాయన స్క్రూడ్రైవరు తెస్తానన్నాడు. వద్దంది. ఆ మాట దారిలో చెబుతానన్నాడు కదా.

ఆవిడ లేచి దాన్ని తలుపు దాకా దొర్లిస్తే లోపల ఏదో మెత్తగా జరిగి ఒక పక్కకి చేరింది. తలుపు పక్కన, పిడికున్న ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని నీలం పెట్టె నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది.