నా ఈనెల మీద వచ్చిన తగువు

నేను ఒక ఆకును. నవ్వకండి, చూడటానికి రాయినే అయినా పుట్టుకకు ఆకునే. జానెడు పొడవు, నాలుక ఆకారం, నడుమ దిట్టమైన ఈనె. ఒకానొక చిత్తడి అడవిలో కొమ్మ నుంచి రాలి బురదలో పడ్డాను. తోటి ఆకులు కుళ్లి బొగ్గయ్యాయి. నా మీద మాత్రం మెత్తటి ఒండ్రు కప్పుకుంది. అది గట్టిపడి రాయి అయితే, నేను అందులో అచ్చుగా మిగిలాను. ఎంతకాలం పడుకున్నానో నాకే తెలియదు. ఆ లెక్క తేల్చడానికే మనుషులు నా మీద తగువు పడ్డారు.

మంచిర్యాల అడవుల్లో వాగు గట్టు విరిగి నేను బయటపడితే, బీడీలు చుట్టే తునికాకు కోతకు వచ్చిన దుర్గం బుచ్చక్క నన్ను గంపలో వేసుకుపోయింది. కోసిన ఆకులు గాలికి లేచిపోకుండా వాటి మీద నన్ను పెట్టేది. ఆకుల మీదికి బరువుగా ఇంకో ఆకు! ఆ సంగతి ఆమెకు వింతగానే తోచలేదు. ఆకులకు మట్టి అంటితే, ఆకు కొనే కల్లంలో కట్టను పక్కన పడేస్తారని, కోతల రోజుల్లో ఇసుకా కొబ్బరిపీచూ పెట్టి నన్ను పొద్దున్నే తోమేది. ఈనె పక్కన ఇరుక్కున్న మట్టిని అంచు దాకా లాగి మరీ తోమేది. నాకు ఒళ్లు మండేది, కానీ రాయికి నోరెక్కడిది?

అలాంటి రోజుల్లో తస్లీమా వచ్చింది. ఇల్లందు పిల్ల. ఆ వాగు పొడవునా తిరిగి ఏ రాయి ఏ కాలానిదో పటం గీస్తూ నాలుగేళ్లుగా పరిశోధన చేస్తోంది. వాగులోని రాళ్లు బొగ్గు పుట్టిన కాలానివని ఆమె వాదన. కాదు, డైనోసార్లు తిరిగిన కాలానివని ఆమె గురువు వామనరావు సారు మాట. రుజువు చేయడానికి వాగంతా గాలించినా, రాయి వయసు చెప్పే ఆకు ముద్ర ఒక్కటీ దొరకలేదు. నన్ను చూడగానే ఆ పిల్ల చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఇన్నాళ్లకు నా కోసం ఒకరు పరిగెత్తారు! నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఆ గర్వం యూనివర్సిటీ దాకానే. సారు భూతద్దం పెట్టి చూశారు.

"ఈనెలు చూడమ్మా, దువ్వెన పళ్లలా సూటిగా అంచుకు పోతున్నాయి. ఇది టీనియోప్టెరిస్. డైనోసార్ల కాలపుది. నీ పటం తప్పు, మళ్లీ గియ్యాలి."

పటం మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీశారు. సోమవారం సిద్ధాంత గ్రంథం ఇవ్వాలి, ఆ రోజు గురువారం. నాలుగేళ్ల కష్టం ఆ గీత కింద పడింది. అవి నా ఈనెలు కావు మహాప్రభో అని నేను లోలోపల అరుస్తూనే ఉన్నాను.

తస్లీమా ఏడవలేదు. నన్ను సంచిలో వేసుకుని మర్నాడే బుచ్చక్క ఇంటికొచ్చింది. సరిగ్గా ఎక్కడ దొరికానో తెలిస్తే అక్కడ ఇంకో ఆకు వెతకాలని ఆశ.

"పెద్దమ్మా, దీని ఈనెలు ఇట్లా సూటిగా లేకపోతే నా పటం నిలబడేది," అంది నీరసంగా.

బుచ్చక్క నన్ను వెలుతురుకు పట్టి ఫక్కున నవ్వింది. "గివి ఈనెలా? నేను తోమిన గీతలు బిడ్డా! పదేండ్ల సంది తోముతున్న. ఆకులు కోసి కోసి చేతులరిగినయ్, నాకు ఈనె తెల్వదా? దీని జోడు జూడు, దాన్ని నేనెన్నడు తోమలే."

"జోడా?"

"గట్టు ఇరిగి పడ్డప్పుడే రెండు పలకలైంది, ఆకు అచ్చు రెండిట్ల ఉన్నది. ఒకటి గా కుండ కింద ఉన్నది."

తస్లీమా కుండను ఎత్తి పక్కన పెట్టింది. తడి ఇసుకలో బోర్లా ఉన్న పలకను తిప్పి చెంబెడు నీళ్లు పోసింది. అదిగో నేను! ఈనె నుంచి అంచు దాకా గడులు గడులుగా అల్లుకున్న నా అసలు ఈనెలు, చేపల వలకున్నట్టు. తస్లీమా కేక పెట్టి బుచ్చక్కను వాటేసుకుంది. బుచ్చక్క, "మెల్లగ బిడ్డా, కుండ పగుల్తది," అంటూనే తానూ ఎగిరింది.

శనివారం తస్లీమా సారు బల్ల మీద రెండు పలకలూ పక్కపక్కన పెట్టింది. సారు వంగి చూశారు. భూతద్దం మార్చారు, దీపం దగ్గరికి లాగారు. తస్లీమా కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది. నాకు గుండె ఉంటే ఆ క్షణాన ఆగిపోయేదే.

"గ్లోసోప్టెరిస్," అన్నారు ఆఖరికి. "బొగ్గు కాలపు ఆకే. ఇరవై ఆరు కోట్ల ఏళ్లు అటూ ఇటూగా. నీ పటమే ఒప్పు తల్లీ, తప్పు నాది." ఎర్ర గీత పక్కన ఆ మాటే రాసి సంతకం చేశారు.

"మళ్లీ చెప్పండి సార్."

చెప్పారు.

"ఇంకొక్కసారి."

సారు నవ్వి మళ్లీ చెప్పారు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. పుట్టి ఇరవై ఆరు కోట్ల ఏళ్లకు, నా పేరు నేను మొదటిసారి విన్నాను.