జానెడు వదులు

చేపల కోసం పెరట్లో కొలను కట్టిస్తున్నానని మా బావ చెప్పినప్పుడు నేను నవ్వలేదు. నవ్వితే ఇంకాస్త వివరంగా చెబుతాడని భయం.

బావ అంటే మా చెల్లెలి మొగుడు. నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. ఎవడో రాసినదాంట్లో తప్పు పట్టుకుని ఎర్ర పెన్సిలుతో కొట్టెయ్యడమే ఉద్యోగం. రిటైరయ్యాక దిద్దడానికి కాగితాలు లేక ఇంట్లోవాళ్ల మాటలు దిద్దుతున్నాడు. నేను రాళ్ల మేస్త్రీని. మూడో తరగతితోనే బడికి దండం పెట్టేశాను. రాయికి ఒత్తులూ దీర్ఘాలూ ఉండవు కాబట్టి నా బతుకు జరిగిపోయింది.

చెల్లెలి ఇంటి వెనకాల ఒక సిమెంటు తొట్టి ఉండేది. అందులో ఎనిమిది ఎర్రచేపలు. తొమ్మిదేళ్లుగా పెంచుతోంది. అన్నిట్లోకీ పెద్దదానికి ఒక కన్ను లేదు, చిన్నప్పుడే పిల్లి గోరు తగిలి పోయింది. ఒంటికన్నుది అనేవాళ్లం. చెల్లెలు నీళ్లలో వేలు పెడితే చాలు, ఎక్కడున్నా వచ్చి మూతి ఆనించేది. ఇంతలో తొట్టికి పగులొచ్చింది. బావ మూడుసార్లు సిమెంటు పాలు పూశాడు. మూడోసారికి పగులు బాగా నోరు తెరిచింది. చేపల్ని నీలం డ్రమ్ములోకి మార్చారు. అసలే ఎండాకాలం, మధ్యాహ్నానికి డ్రమ్ములో నీళ్లు స్నానానికి పనికొచ్చేటంత వేడెక్కేవి. మొదటి వారంలోనే ఒకటి పోయింది. చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఈయన గొయ్యి తవ్వించి పది రోజులైంది. రోజుకో వీడియో చూస్తాడు, రోజుకో బొమ్మ గీస్తాడు. ఇంకో వారం ఆ డ్రమ్ములో ఉంటే నాకు ఒక్క చేపా మిగలదు. నువ్వొచ్చి కట్టు."

"మీ ఆయన్ని అడిగావా?"

"అడగలేదు. చెప్పాను."

వెళ్లాను. గొయ్యి వేరుశెనక్కాయ ఆకారంలో ఉంది. నడుం లోతు, లోపల చుట్టూ ఒక మెట్టు. ఆ మెట్టు మీదే రాతి గోడ లేవాలి. బావ ఒడ్డున నోటుబుక్కు పట్టుకుని, చెవిలో ఎర్ర పెన్సిలు దోపుకుని నిలబడ్డాడు.

"ఏం మేస్త్రీ బావా, ఎలా ఉంది?"

"గొయ్యిలా ఉంది."

"గొయ్యి అనకూడదు. కొలను అనాలి. గొయ్యి అంటే అర్థం వేరే వస్తుంది."

"నీళ్లు నిలిచాక అంటాను."

"నిలవకేం? మట్టం చూశాను. ఫోనులో చూస్తే సరిగ్గా సున్నా వచ్చింది."

"ఎక్కడ పెట్టి చూశావు?"

"ఇదిగో, ఇక్కడ."

గొయ్యి చుట్టుకొలత పదిహేను గజాలు. ఒక్కచోట ఫోను ఆనించి సున్నా చూసుకుని మురిసిపోయిన మనిషిని ఏమనాలి? సంచిలోంచి మట్టం చూసే సన్నటి పైపు తీశాను. నీళ్లు నింపి ఒక కొస చెల్లెలికిచ్చి అవతలి ఒడ్డుకు పంపాను. నీళ్లకు ముఖస్తుతి తెలియదు. పడమటి ఒడ్డు నాలుగు వేళ్లు పల్లముంది.

"ఇటు పక్కనుంచి నీ చేపలు వీధి చివరిదాకా షికారు వెళ్లిరావచ్చు," అన్నాను.

చెల్లెలు పకపకా నవ్వింది. బావ నవ్వలేదు. రాసుకున్నాడు.

ఆ రోజంతా పడమటి ఒడ్డు ఎత్తు చేసి దిమ్మిసతో కొట్టాం. అడుగున మొనదేలిన రాళ్లన్నీ ఏరించాను. నల్ల రబ్బరు పట్టా అప్పటికే వచ్చి వరండాలో చుట్టగా పడి ఉంది. బావ దాన్ని లైనర్ అంటాడు, అదీ నోరు గుండ్రంగా పెట్టి. నేను రాళ్లు చూసుకోవడానికి క్వారీకి పోవాలి. రెండు రోజుల పని. వెళ్లేముందు చెప్పాను.

"పాత దుప్పట్లు పరిచి, వాటిమీద పట్టా వెయ్యి. చుట్టూ జానెడు వదులు."

"అంతేనా?"

"అంతే."

బావ రాసుకున్నాడు. ఆయన రాసుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పని చేతిలో ఉండాలి గాని పుస్తకంలో ఉంటే ఎట్లా? పనిలో మాట్లాడేవాడు రాయిని వంకరగా పగలగొడతాడని నా నమ్మకం. అందుకే నేను రెండు మాటల్లో తేలేది మూడో మాటదాకా లాగను.

రాళ్ల లారీ వెనకే తిరిగొచ్చేసరికి పట్టా పరిచేసి ఉంది. డప్పులా బిగిసి ఉంది. మెట్టు మలుపుల దగ్గర మట్టికి ఆనకుండా గాల్లో తేలుతోంది. అంచులు అంగుళం అంగుళం ఒడ్డెక్కాయో లేదో, వాటిమీద పలకరాళ్లు బరువు పెట్టాడు. పట్టా అన్నది మడతలు మడతలుగా పడి ఉండాలి. నీళ్ల బరువు కూర్చుంటున్న కొద్దీ కిందికి జారడానికి దానికి చోటుండాలి. లేకపోతే అంచుల్ని లాక్కుంటుంది. ఇది మేస్త్రీ అయినవాడికి చెప్పక్కర్లేదు. అచ్చాఫీసువాడికి చెప్పాను కూడా.

"ఒక్క ముడత చూపించు బావా, మీసం తీసేస్తాను," అన్నాడు.

నేను వంగి వేలితో కొట్టి చూశాను. టంగుమంది. చెబుదామని నోరు తెరిచాను. ఈలోపల ఆయనే అందుకున్నాడు.

"నువ్వు సగం మింగి సగం చెప్పినా నేను పూర్తిగా అర్థం చేసుకుని చేశాను. చదువంటే అదే మరి."

నోరు మూసుకున్నాను. సరే, నీళ్లే చెబుతాయిలే అనుకున్నాను. ఏ కొలనుకైనా ముందు నీళ్లు నింపి ఒక రోజు ఖాళీగా ఉంచుతారు. చేపలు ఆ తర్వాతే. రేపు పట్టా జారుతుంది, రాళ్లు జారతాయి, మా బావ పరువు జారుతుంది. చేపలు డ్రమ్ములో ఉంటాయి కాబట్టి వాటికేం కాదు. ఒక్క రోజులో విప్పి మళ్లీ వేసుకోవచ్చు. ఆ ఒక్క రోజు చూడ్డానికి ఎంత బాగుంటుందో కూడా ఊహించుకున్నాను.

కట్టాను. పట్టా గీరుకోకుండా ప్రతి రాయి కిందా గోనెపట్టా ముక్క వేసి, రాయిని వెనక్కి కాస్త వాల్చి, సందుల్లో రాతి చిప్పలు బిగించి, ముందు పెద్ద రాళ్ల వరస, దానిమీద చిన్నవి. యాభై ఏళ్లలో మొదటిసారి, కూలుతుందని తెలిసి గోడ కట్టాను. బావ వెనకాల నిలబడి సలహాలిస్తూనే ఉన్నాడు.

"ఆ రాయి కాస్త ఎడమకి జరిపితే అందంగా ఉంటుందేమో?"

"అది రాయి బావా. కామా కాదు."

మర్నాడు పొద్దున కుళాయి తిప్పి నీళ్లు వదిలాం. మధ్యాహ్నానికి తొడలోతు వచ్చాయి. ఇంకా ఏమీ కదల్లేదు. అన్నం తిని వరండాలో నడుం వాల్చాను. చేపల్ని అప్పుడే వెయ్యొద్దని చెల్లెలికి చెప్పానా? చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతేగా అనుకున్నాను.

"అన్నయ్యా! అన్నయ్యా, గోడ!"

లేచి పరుగెత్తాను. నా మోకాళ్లతో దాన్ని పరుగంటే రాళ్లు నవ్వుతాయి. డ్రమ్ములో ఒక చేప పక్కకు ఒరిగిందట. ఇక ఆగలేక చెల్లెలు ఏడింటినీ తెచ్చి కొలనులో వదిలేసింది. అవి ఎర్రగా మెరుస్తూ తిరుగుతున్నాయి. పడమటి ఒడ్డున పట్టా అంచు, నిద్రలో ఎవరో దుప్పటి లాక్కున్నట్టు, పలకరాళ్ల కిందినుంచి లోపలికి జారిపోతోంది. దాని మీదున్న గోడ మెల్లగా ముందుకు ఒరుగుతోంది.

నేను బట్టలతోనే దిగి గోడకు వీపు ఆనించాను.

"ముందు చేపల్ని తియ్యి!"

"గంప ఎక్కడుందీ?"

"నాకేం తెలుసే, నీ ఇల్లు!"

బావ నీళ్లు కట్టేసి చెప్పులతోనే దూకాడు. పాపం, దూకడం మాత్రం దూకాడు. ఇద్దరూ కలిసి బట్టల గంపతో ఒక్కొక్కటే పట్టి డ్రమ్ములో వేశారు. మూడు. నాలుగు. నా వెనక రాళ్లు గరగరమంటున్నాయి. ఆరు. ఒంటికన్నుది బెదిరిపోయింది. చీకటి కనబడితే దూరడం దాని అలవాటు. నా తొడ పక్కనుంచి రాళ్ల సందులోకి పోయింది. చెల్లెలు నీళ్లలో వేలు పెట్టి పిలిచింది. అది మూతి బయటపెట్టింది. సరిగ్గా అప్పుడే నా మోకాలు మడత పడింది.

దాని మీద పడ్డవి ముందు వరస పెద్ద రాళ్లు మూడు. నేను ఏరి తెచ్చి, నేను చెక్కి, నేను పెట్టినవి.

చెల్లెలు దాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఒడ్డున కూర్చుంది. ఏడవలేదు. పట్టా అంచు చూస్తూ అడిగింది.

"పట్టా అలా బిగుతుగా ఉండొచ్చా అన్నయ్యా?"

"ఉండకూడదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"క్వారీ నుంచి వచ్చినరోజే."

బావ ఒక్క ఉదుటున లేచాడు. "ఉండకూడదా? మరి వదలమని చెప్పింది నువ్వే కదయ్యా! రాసి పెట్టుకున్నాను, చూడు!"

తడిసిన నోటుబుక్కు నా మొహం మీద పెట్టాడు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. 'చుట్టూ జానెడు వదులు' అని ముందు రాశాడు. 'వదులు' మీద ఎర్ర గీత పెట్టి కొట్టేశాడు. దానిపైన ముత్యాల్లాంటి అక్షరాలతో 'వదలవలెను'.

"నేను వదులు అన్నాను."

"అదే కదా! వదులు అంటే ఏకవచనం. బావను పట్టుకుని ఏకవచనమేమిటని మర్యాదగా మార్చుకున్నాను. జానెడు వదలాలి కాబట్టి చుట్టూ జానెడు కోసి వదిలేశాను."

"వదులంటే బిగువు కానిది బావా! లూజు! చొక్కా వదులుగా ఉందంటామే, ఆ వదులు!"

ఆయన డ్రమ్ము వెనక్కి చూశాడు. అక్కడ కోసిన రబ్బరు ముక్క నీటుగా చుట్టచుట్టి, తాడు కట్టి పెట్టి ఉంది. జానెడు వెడల్పు, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. నలభై ఏళ్లు ఊరందరి మాటలు దిద్దినవాడు, ఆ ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయని చూసుకోలేదు. ఈ మాట అనడానికి నాలుక దురద పెట్టింది. చెల్లెలు నావైపు చూసింది. దురద పోయింది.

"ఒకాయన మాటను దిద్దాడు," అంది. "ఒకాయన మాటను మింగాడు. ఇద్దరికిద్దరూ మొనగాళ్లే. లేవండి. ఇంకా ఆరున్నాయి."

మర్నాడు కొత్త పట్టా వచ్చింది. చెల్లెలు నన్ను చెయ్యి చాపమంది. బొటనవేలినుంచి చిటికెనవేలిదాకా నా జాన కొలిచి ఒక పుల్ల విరుచుకుంది. ఆ పుల్లతో తనే చుట్టూ తిరిగి మడతలు వేసింది. మా ఇద్దరినీ అంచు ముట్టుకోనివ్వలేదు. నన్ను మాత్రం చెబుతూ ఉండమంది. ఏ రాయి ఎందుకు, ఏ చిప్ప ఎక్కడ, నీళ్లు ఎప్పుడు, చేపలు ఎప్పుడు, అన్నీ. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. జీవితం మొత్తంలో అంత వాగలేదు. బావ అంతా రాసుకున్నాడు. ఒక్క మాటా దిద్దలేదు.

నీళ్లు నింపి ఒక రోజు ఖాళీగా ఉంచాం. పట్టా మూలుగుతూ మడతలు మింగి సర్దుకుంది, అంచు కదల్లేదు. ఆ రోజు బావ పాత పేజీ తీసి నా పక్కన కూర్చున్నాడు. కొట్టేసిన 'వదులు' కింద పెన్సిలుతో వరసగా చుక్కలు పెట్టాడు.

"ఇదేమిటి?"

"పొరపాటున కొట్టేస్తే మేం ఇలా చుక్కలు పెడతాం. కొట్టివేత చెల్లదు, ఉన్నది ఉన్నట్టే ఉండాలని."

"ఇప్పుడు పెట్టి ఏం లాభం?"

"ఏం లేదు," అన్నాడు. మొదటిసారి ఆయన నా అంత పొట్టిగా మాట్లాడాడు.

ఇప్పుడు ఆరూ బాగానే ఉన్నాయి. వచ్చినవాళ్లందరికీ బావ కొలను చూపించి, లైనర్‌కు ముడతలు ఎందుకు ఉండాలో ఉపన్యాసమిస్తాడు. వినలేక నేను అవతలికి పోతుంటాను. చెల్లెలు అడ్డం వస్తుంది. ఎప్పుడొచ్చినా ఇదే అడుగుతుంది.

"ఏమైనా చూశావా అన్నయ్యా?"

నిన్న కూడా అడిగింది. ఏమీ లేదని తప్పించుకోబోయాను. కదల్లేదు, అలాగే నిలబడింది.

"తూర్పు మూల పైవరసలో రెండో రాయి," అన్నాను. "కింద చిప్ప ఊడింది. మీ ఆయన దానిమీద కాలు పెట్టి మాట్లాడుతున్నాడు. దిగమను."